ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి గేర్ ఆయిల్ ఎలా ఎంచుకోవాలి?

రొయ్యల గుంటలున్న ఇంట్లో ఫోర్‌వీల్ డ్రైవ్ బండి సోకు కోసం కొనేది కాదు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు నాలుగు రోజులు ముసురు పట్టిందంటే గుంట గట్ల మీద మామూలు బండి కదలదు. మా ఇంట్లోనూ అందుకే కొన్నాం. మొదటిసారి కింద ఆయిళ్లు మార్పించినప్పుడు షెడ్డులో "అన్నిటికీ నైంటీ ఆయిలే అన్నా" అన్నారు. నేనూ సరేనన్నాను. నెల తిరక్కముందే మైపాడు ఇసుకలో ఫోర్‌లోకి వేయబోతే లివర్ రెండు చేతులతో లాగితే గానీ పడలేదు. ఇంటికొచ్చి బండి పుస్తకం తెరిస్తే, మా ట్రాన్స్‌ఫర్ కేసులో (ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) పోయాల్సింది అసలు గేర్ ఆయిల్ కాదు, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఆయిల్) అని ఉంది. ఆ పుస్తకం మొదటి రోజు నుంచీ డ్యాష్‌బోర్డు అరలోనే ఉంది.

అందుకే షాపుకు వెళ్లే ముందు పుస్తకం తీయండి. ఆయిళ్ల పట్టికలో గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్ (ఇరుసుల మీదుండే గేర్ల పెట్టెలు) విడివిడిగా ఉంటాయి. వేటికెంత పడుతుందో కూడా అక్కడే ఉంటుంది. ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పుస్తకం పోయిందా, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఛాసిస్ నంబరు చెప్పి కనుక్కోండి. "మా బావ బండికి ఇదే పోశారు" అనేది లెక్కలోకి రాదు. ఒకే మోడల్‌లోనూ సంవత్సరం మారితే ట్రాన్స్‌ఫర్ కేసు మారిపోవచ్చు.

తర్వాత డబ్బా మీద చూడాల్సింది జీఎల్ నంబరు, అంటే పళ్ల మీద పడే ఒత్తిడికి ఆ ఆయిల్ ఎంత తట్టుకుంటుందో చెప్పే తరగతి. డిఫరెన్షియల్‌లో పినియన్ (చిన్న పళ్ల చక్రం) సాధారణంగా క్రౌన్‌కు (పెద్ద పళ్ల చక్రం) సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకు జరిగి ఉంటుంది. దాంతో పళ్లు దొర్లడమే కాదు, ఒకదాన్నొకటి గట్టిగా ఒరుసుకుంటూ జారుతాయి. ఆ ఒత్తిడికి ఆయిల్ పొర చెదిరిపోతుంది. అప్పుడు పళ్లను కాపాడేది ఆయిల్‌లో కలిపిన గంధకం, భాస్వరం రసాయనాలే. కొత్త గేర్ ఆయిల్ డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలే ఆ ఘాటు వాసన గంధకానిదే. జీఎల్-5లో ఈ మందు ఎక్కువ, జీఎల్-4లో తక్కువ. కాబట్టి డిఫరెన్షియల్స్‌కు మామూలుగా జీఎల్-5 అడుగుతారు.

మరి ఎక్కువున్నదే అన్నిట్లో పోస్తే పోలా? పోయకూడదు. మాన్యువల్ గేర్‌బాక్స్‌లో గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు చాలా బండ్లలో ఇత్తడివి. జీఎల్-5లోని మందు వేడి మీద ఇత్తడిని మెల్లగా తినేసే ప్రమాదం ఉంది. జీఎల్-4 అని రాసి ఉన్నచోట జీఎల్-4 మాత్రమే పోయండి. పాత జీపులున్నవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. గేర్‌బాక్స్‌కూ ట్రాన్స్‌ఫర్ కేసుకూ మధ్య సీలు అరిగితే ఆయిల్ ఒకదాంట్లోంచి రెండోదాంట్లోకి దాటుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసులో పోసింది గేర్‌బాక్స్ ఇత్తడి దాకా వెళ్లొచ్చు. ఒకచోట మట్టం తగ్గి పక్కదాంట్లో పెరిగితే ముందు సీలు మార్పించండి.

ట్రాన్స్‌ఫర్ కేసులో ఒకటే సూత్రం లేదు. లోపల చెయిన్ ఉన్నవాటిలో చాలావాటికి పలుచని ఎర్రటి ఏటీఎఫ్ కావాలి. గేర్లతోనే నడిచేవాటికి ఎక్కువగా గేర్ ఆయిలే. బయటి నుంచి చూసి ఇది తేల్చుకోలేం.

ఇక చిక్కదనం. 80డబ్ల్యూ-90లో మొదటి సంఖ్య చలిలో పారే గుణానికి, రెండోది వేడి మీద చిక్కదనానికి. 90 అనగానే ఇంజన్ ఆయిల్ 40కి రెండింతలు చిక్కన అనుకోకండి, ఆ కొలత వేరు, ఈ కొలత వేరు. మన నెల్లూరు, ఒంగోలు వైపు గడ్డకట్టే చలి ఎప్పుడూ ఉండదు. పుస్తకంలో 75డబ్ల్యూ-90, 80డబ్ల్యూ-90 రెండూ ఉంటే ఇక్కడి వాడకానికి ఏదైనా సరిపోతుంది. రోహిణి కార్తె ఎండల్లో చీమకుర్తి క్వారీల దగ్గర బరువులు లాగే బండికి 85డబ్ల్యూ-140 పోస్తుంటారు. అదీ పుస్తకం ఒప్పుకుంటేనే. అనవసరంగా చిక్కటిది పోస్తే హైవే వేగంలో ఆయిలే వేడెక్కుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. వెనక లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపే రకం) ఉంటే పుస్తకం దానికి వేరే ఆయిలో, అదనపు మందో చెబుతుంది. అది లేకపోతే మలుపుల్లో వెనక కటకటలాడుతుంది.

మన ప్రాంతంలో ఆయిల్ రకం కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది నీళ్లు. గంటసేపు నడిచి కాలిన డిఫరెన్షియల్ ఒక్కసారిగా వాగులో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. అప్పుడు బ్రీదర్ గొట్టం (లోపలి గాలి వచ్చిపోయే దారి) నుంచీ సీళ్ల నుంచీ నీళ్లు లోపలికి లాగేసుకుంటుంది. గుంటల దగ్గరైతే అది ఉప్పునీరు, బేరింగులకు తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. ఇరుసు దాకా నీళ్లలో దిగిన రోజు రాత్రి బండి కదల్చకుండా ఉంచండి. పొద్దున్నే డ్రెయిన్ ప్లగ్ కాస్త వదులు చేయండి. నీళ్లు బరువు కాబట్టి అడుగున చేరి ముందు అవే కారతాయి. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉన్నా నీళ్లు చేరినట్టే. కిలోమీటర్లు లెక్కపెట్టకుండా మార్చేయండి. బ్రీదర్ మట్టితో మూసుకుపోయిందేమో కూడా చూడండి.

మార్చేటప్పుడు పది కిలోమీటర్లు నడిపి, ఆయిల్ గోరువెచ్చగా ఉండగా, చదునైన చోట బండి ఆపండి. ముందు ఆయిల్ పోసే పై ప్లగ్ విప్పండి. ఇది మాత్రం మరిచిపోవద్దు. కింద అంతా వదిలేశాక పై ప్లగ్ తుప్పు పట్టి రాకపోతే, ఆయిల్ లేని బండితో ఇంటి ముందే ఆగిపోతారు. పై ప్లగ్ వచ్చాకే కింది ప్లగ్. దాని అయస్కాంతానికి మెత్తటి బూడిదరంగు ముద్ద అంటితే మామూలే, చేతికి గుచ్చుకునే ముక్కలుంటే క్రౌన్, పినియన్ విప్పి చూపించాలి. తుడిచి, కొత్త వాషర్‌తో బిగించి, చేతిపంపుతో పై ప్లగ్ రంధ్రం అంచు దాకా ఆయిల్ నింపండి. ఎక్కువైంది బయటికి కారి ఆగాకే ప్లగ్ బిగించండి. పంపు, గొట్టం ఏటీఎఫ్‌కు వేరేగా పెట్టుకుంటే మంచిది.

ముందు డిఫరెన్షియల్‌ను వదిలేయకండి. ఫోర్‌లో తక్కువ తిరిగినా నీళ్లు దాంట్లోకీ అంతే వెళతాయి. నెలకోసారి పెన్నా ఇసుకలోనో, మెత్తటి మట్టిలోనో ఫోర్‌లో వేసి కాస్త నడపండి, ఆయిల్ పళ్లన్నిటికీ పడుతుంది. పార్ట్‌టైమ్ బండిని (అవసరమైనప్పుడే ఫోర్‌లోకి వేసుకునే రకం) పొడి తారురోడ్డు మీద మాత్రం ఫోర్‌లో తిప్పొద్దు.