ఒకటి నుంచి ఐదో తరగతి దాకా: బడిలో నేర్పే అలవాట్లు, ఇంట్లో మీరు చెయ్యాల్సిన పనులు

ఆంధ్రప్రదేశ్‌లో మామూలుగా జూన్ 12న బడులు తెరుస్తారు. రెండు వారాలు గడిచినా ఒకటో తరగతి బిడ్డ నోటుబుక్కులో అక్షరం ముక్క కనబడదు. "ఇంకా పాఠాలు మొదలుపెట్టలేదా టీచర్?" అని గేటు దగ్గర అడిగే తల్లిదండ్రులు ప్రతి ఏడూ ఉంటారు. పాఠాలు మొదలయ్యాయి. సంచి ఎక్కడ పెట్టాలి, వరుసలో ఎవరి వెనక నిలబడాలి, చెప్పాలనుకున్నప్పుడు చెయ్యి ఎలా ఎత్తాలి, పెన్సిల్ ముక్కు విరిగితే ఏం చెయ్యాలి, ఒంటికో రెంటికో వస్తే ఎలా అడగాలి, ఇవే ఆ రెండు వారాల పాఠాలు. ముప్పై మందికి ఇవి పట్టుబడకపోతే ఏడాది పొడుగునా ప్రతి పీరియడూ వీటితోనే కరిగిపోతుంది. ఒకటో తరగతికి మొదటి మూడు నెలలు ఆటపాటలతో నడిపే 'విద్యా ప్రవేశ్' కార్యక్రమం పెట్టింది కూడా బిడ్డను ఇలా బడికి సిద్ధం చెయ్యడానికే.

ఈ అలవాట్లు ఇంట్లో కూడా సాగాలి. బిడ్డ తన చేత్తో చేసుకోగల పనిని మనం చేసిపెడితే, బడిలో ఆ పని దగ్గర బిడ్డ ఆగిపోతుంది.

పొద్దున గేటు దగ్గర

బెల్లు కొట్టే వేళకు కాదు, అంతకు పది నిమిషాల ముందే బిడ్డ లోపల ఉండాలి. ప్రార్థన, హాజరు, ఆ రోజు చెయ్యాల్సిన పని బోర్డు మీద రాయడం, అన్నీ మొదటి పావుగంటలోనే అయిపోతాయి. ఆలస్యంగా వచ్చిన బిడ్డకు ఏ పేజీ తీయాలో తెలియదు, పక్కవాళ్లను అడగడానికి సిగ్గు. ఆ మొహమాటం తీరేసరికి మొదటి పీరియడు అయిపోతుంది. తిరుపతిలో ఉండేవాళ్లు వైకుంఠ ఏకాదశి రోజుల్లోనూ, వరుస సెలవులొచ్చి యాత్రికులు పెరిగినప్పుడూ ఇంకో ఇరవై నిమిషాలు ముందే బయలుదేరండి.

ఏడ్చే బిడ్డను గేటు దగ్గరే అప్పగించండి. "సాయంత్రం బెల్లు కొట్టాక అవ్వ వస్తుంది" అని ఒక్క మాట, నిజమైన మాట చెప్పి వెనక్కి తిరగండి. చెప్పకుండా జారుకుంటే మర్నాడు చెయ్యి వదలదు. కిటికీ దగ్గర నిలబడి తొంగిచూస్తే అప్పుడే ఊరుకున్న బిడ్డ మళ్లీ మొదలుపెడుతుంది.

ప్రార్థన వేళ టీచర్‌ను పక్కకు పిలిచి మాట్లాడొద్దు. ఆ ఐదు నిమిషాలు తరగతి మొత్తాన్నీ చూసేవాళ్లు ఉండరు. చెప్పాల్సింది డైరీలో రాయండి, లేదా సాయంత్రం బెల్లు అయ్యాక కలవండి.

సంచి

2020లో వచ్చిన జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం సంచి బరువు బిడ్డ బరువులో పదోవంతు మించకూడదు. ఇరవై కిలోల బిడ్డకు రెండు కిలోలు. లీటరు నీళ్ల సీసాయే అందులో సగం తినేస్తుంది కాబట్టి, బడిలో నీళ్లు పట్టుకునే వీలుంటే అర లీటరు సీసా చాలు. తూకానికి ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు. మీరు సంచి పట్టుకుని కాటా ఎక్కండి, తర్వాత ఉత్త చేతులతో ఎక్కండి, తేడా చూడండి.

రాత్రి పడుకునే ముందు టైమ్‌టేబుల్ చూసి బిడ్డే సర్దుకోవాలి, మీరు పక్కన కూర్చుని చూడండి. మీరు సర్దితే ఏ పుస్తకం ఎక్కడుందో బిడ్డకు తెలియదు. తరగతిలో "లెక్కల పుస్తకం తియ్యండి" అనగానే సంచి మొత్తం బోర్లిస్తుంది.

చెక్కిన పెన్సిళ్లు రెండు, రబ్బరు ఒకటి, పొట్టు పట్టే డబ్బా ఉన్న చెక్కుడు మర ఒకటి. అంతకు మించి పంపొద్దు. బొమ్మల రబ్బర్లు, రంగురంగుల పౌచీలు గొడవలకు మూలం, పాఠం జరిగేటప్పుడు చూపంతా వాటి మీదే ఉంటుంది. వేలెడు పొడుగు కూడా మిగలని పెన్సిల్‌ను తీసెయ్యండి, పట్టు కుదరక అక్షరం వంకర పోతుంది. డబ్బా మీద, దాని మూత మీద, సీసా మీద, సీసా మూత మీద విడివిడిగా పేరు రాయండి, ఎప్పుడూ మారిపోయేవి మూతలే.

డబ్బా తెరవడం

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే టీచర్ ముందు చిన్న తరగతుల పిల్లలు వరుస కడతారు. అందరి చేతుల్లోనూ తెరుచుకోని డబ్బాలే. వేడి అన్నం పెట్టి వెంటనే మూత బిగిస్తే, లోపలి ఆవిరి చల్లారి మూతను లోపలికి లాగి పట్టేస్తుంది. మధ్యాహ్నానికి పెద్దవాళ్లకే రాదు. అన్నాన్ని పళ్లెంలో పరిచి పది నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు మూత పెట్టండి. క్లిప్పుల డబ్బా కొనేముందు అంగట్లోనే బిడ్డ చేత రెండు క్లిప్పులూ తీయించి చూడండి.

ఒక ఆదివారం ఇంట్లోనే ఇలా సాధన చేయించండి. డబ్బాలో అన్నం పెట్టి, నేల మీద కూర్చోబెట్టి, గడియారం చూసి ఇరవై నిమిషాలివ్వండి. తినిపించొద్దు, తొందర పెట్టొద్దు. మూత దగ్గర ఆలస్యమవుతోందా, కలుపుకోవడం దగ్గరా, కబుర్ల దగ్గరా చూడండి. కలుపుకోవడం రాకపోతే కొన్నాళ్లు కలిపే పంపండి. చిత్రాన్నం, పప్పన్నం, ఉర్లగడ్డ తాళింపు కలిపిన అన్నం అయితే సులువు. చారు విడిగా పోసి పంపితే అది నోటుబుక్కుల్లోకే చేరుతుంది. పెరుగన్నం పులవకుండా ఉండాలంటే అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా పోసి, ఒక చెంచా పెరుగు మాత్రమే కలపండి. మిగిలింది పారబోయకుండా ఇంటికి తెమ్మనండి, ఎంత తింటోందో మీకు తెలుస్తుంది. "అంతా తినేశావా?" అని గద్దిస్తే చెత్తబుట్టలో వేసి వస్తారు.

బడి భోజనం తినే పిల్లలకు గుడ్డు, చిక్కీ ఇస్తారు. శెనక్కాయలు, పాలు, గుడ్డు లాంటివి పడకపోయినా, ఇంట్లో గుడ్డు తినే అలవాటు లేకపోయినా మొదటి వారంలోనే డైరీలో రాసివ్వండి. నోటిమాటగా చెప్పింది, టీచర్ సెలవులో ఉన్న రోజు ఎవరికీ తెలియదు.

ఇంటిపని ఎవరిది?

అదే బ్యాగ్ విధానంలో ఇంకో మాట ఉంది. రెండో తరగతి దాకా ఇంటిపని ఇవ్వకూడదు. మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించకూడదు. రోజుకు గంటన్నర పడుతోందంటే పని ఎక్కువిస్తున్నారో, బిడ్డకు పాఠం అందలేదో టీచర్‌ను అడిగి తేల్చుకోండి.

బిడ్డ తప్పును మీరు దిద్ది పంపొద్దు. ఒక లెక్క చూడండి: 52లోంచి 27 తీసేయాలి. చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేసి 5 వేస్తారు, 5లోంచి 2 తీసి 3 వేస్తారు. మీరు దాన్ని చెరిపి 25 వేయిస్తే, టీచర్ రైటు కొట్టి ముందుకెళ్లిపోతుంది. ఆ తప్పు నాలుగో తరగతి దాకా మోసుకుపోతారు. 35ను అలాగే వదిలేసి, కింద "ఎక్కువ లోంచి తక్కువ తీస్తున్నాడు" అని పెన్సిల్‌తో రాయండి. మర్నాడు టీచర్ సరిగ్గా అక్కడ పట్టుకుంటుంది.

నేర్పాలనిపిస్తే చీపురు పుల్లలు తీసుకోండి. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు. "ఏడు ఇవ్వు" అనండి. రెండే ఉన్నాయి కాబట్టి బిడ్డే ఒక కట్ట విప్పుతుంది, విడివి పన్నెండవుతాయి. ఏడు ఇచ్చాక ఐదు, మిగిలిన నాలుగు కట్టల్లోంచి రెండు ఇచ్చాక రెండు. ఇరవై ఐదు. "పక్కింట్లో అప్పు తెచ్చుకో" అని మనకు చిన్నప్పుడు చెప్పిన మాట కంటే, కట్ట విప్పిన చెయ్యి ఎక్కువ గుర్తుపెట్టుకుంటుంది.

డైరీలో సంతకం రాత్రే, చదివాకే పెట్టండి. పొద్దున బండి మీద కూర్చుని పెట్టిన సంతకంలో "రేపు రంగు కాగితం తేవాలి" అన్న మాట తప్పిపోతుంది.

ఇంట్లో తమిళం మాట్లాడే కుటుంబాలు కుప్పం, నగరి వైపు ఎన్నో ఉన్నాయి. ఇంటి భాష మానెయ్యొద్దు. బడికి మాత్రం నాలుగు తెలుగు మాటలు నోటికి తిరిగేలా చెయ్యండి: "టీచర్, నీళ్లు తాగొస్తా", "ఒంటికి వెళ్లొస్తా", "నాకు అర్థం కాలేదు", "కడుపు నొప్పిగా ఉంది". ఇవి రాక నిక్కరు తడుపుకున్న బిడ్డ మర్నాడు బడికి రానంటుంది. ఒకటో తరగతికి హుక్కులు, బెల్టు వద్దు, ఎలాస్టిక్ నిక్కరే వెయ్యండి.

జ్వరం, వాన, ఇంటికి తీసుకెళ్లే మనిషి

జ్వరం మాత్ర వేసి బడికి పంపొద్దు. మాత్ర లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే పంపండి. సంచిలో మందులు పెట్టొద్దు, పక్క బిడ్డ చాక్లెట్ అనుకుంటుంది. నవంబర్, డిసెంబర్ వానలకు సెలవు ఇచ్చారో లేదో బడి నుంచి వచ్చే మెసేజ్ చూసే నమ్మండి, వాట్సాప్‌లో తిరిగేది పోయినేటిది కావచ్చు.

సాయంత్రం వేరే మనిషి వస్తుంటే పొద్దునే డైరీలో పేరు రాయండి. చెప్పాపెట్టకుండా మామ వచ్చాడని టీచర్ బిడ్డను పంపకపోతే కోపగించుకోవద్దు, పంపకపోవడమే ఆమె బాధ్యత.

టీచర్‌తో మాట్లాడేటప్పుడు

"మాట వినకపోతే తోలు ఒలిచెయ్యండి సార్" అని బిడ్డ ముందే అనేవాళ్లు ఇంకా ఉన్నారు. విద్యా హక్కు చట్టం, 2009 లోని 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, దెబ్బకు భయపడే బిడ్డ తప్పును దాస్తుంది, దాచిన తప్పును దిద్దడం కుదరదు. మీటింగుకు వచ్చినప్పుడు ర్యాంకు అడగడం మాని రెండే అడగండి: ఏ పని సొంతంగా చేస్తోంది? ఎక్కడ ఆగిపోతోంది? సర్కారు బడుల్లో యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని అదే చట్టం చెబుతోంది. మరుగుదొడ్డికి గడియ లేదు, కుళాయి పిల్లలకు అందట్లేదు లాంటివి ఒక్క టీచర్ మీద వేయకుండా అక్కడ పెట్టండి.

మార్చి నడిమికి ఒంటిపూట బడులు వస్తాయి. 7:45కే బెల్లు. అలవాట్లు మళ్లీ చెదిరేది ఇక్కడే. అవి మొదలవడానికి వారం ముందు నుంచే రోజుకు పది నిమిషాల చొప్పున ముందే పడుకోబెడుతూ రండి. పొద్దున సంకటి గానీ రాగి జావ గానీ కడుపులో పడకుండా పంపొద్దు. అప్పుడు సంచిలో పుస్తకాలు తగ్గించి, అర లీటరు సీసా బదులు ముప్పావు లీటరుది పెట్టండి.