పరారుణ వర్ణపటంతో ప్రోటీన్ అధిశోషణను కొలిచే ముందు జాగ్రత్తలు

ప్రోటీన్ ఉపరితలానికి అంటుకోవడాన్ని (అధిశోషణ) అనంతపురం ప్రయోగశాలల్లో ఏటీఆర్ పద్ధతిలో, అంటే స్ఫటికం లోపల పరావర్తనం చెందే పరారుణ కాంతితో దాని ఉపరితలాన్ని ఆనుకున్న పలుచని పొరను పరీక్షించే పద్ధతిలో, కొలిచే విద్యార్థులు మొదట నీటి గురించే ఆలోచించాలి. ప్రోటీన్ అమైడ్-1 పట్టీ (దాని పెప్టైడ్ బంధాలు పరారుణ కాంతిని పీల్చుకునే ప్రాంతం) 1600–1700 సెం.మీ.⁻¹ మధ్య ఉంటుంది, సుమారు 1640 దగ్గరి నీటి పట్టీ దాన్ని కప్పేస్తుంది. కాబట్టి ప్రోటీన్ లేని బఫర్ (ఆమ్లత్వాన్ని స్థిరంగా ఉంచే ద్రావణం) వర్ణపటాన్ని అదే స్ఫటికంపై, అదే ఉష్ణోగ్రత వద్ద ముందే తీసుకుని, తర్వాత ప్రోటీన్ వర్ణపటం నుంచి తీసివేయాలి. వేసవి మధ్యాహ్నం గది వేడెక్కితే నీటి పట్టీ జరిగి తీసివేత తప్పుతుంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదే.

ఇక్కడి గాలి పొడిగానే ఉంటుందని ఊరుకోకుండా పరికరం లోపల పొడి నైట్రోజన్ పారించాలి, ఎందుకంటే నీటి ఆవిరి సన్నని గీతలు సరిగ్గా అమైడ్ ప్రాంతంలోనే పడతాయి. స్ఫటికం జింక్ సెలెనైడ్‌దైతే దానికి ఆమ్లం తగలనివ్వకూడదు. ద్రావణంలో తేలే ప్రోటీన్ కూడా సంకేతమిస్తుంది కనుక, ఉపరితలాన్ని బఫర్‌తో కడిగాకే గట్టిగా అంటుకున్న ప్రోటీన్‌ను లెక్కించాలి.