బడులు తెరిచే ముందు రైల్వే గేటును ఒకసారి చూసి రండి

బడులు తెరవడం, వానలు మొదలవడం రెండూ జూన్‌లోనే కాబట్టి, మీ పిల్లల బస్సు గానీ ఆటో గానీ రైల్వే గేటు దాటి వెళ్లేదైతే, ముందే ఒక ఉదయం ఆ గేటు దగ్గర అరగంట నిలబడి చూడండి. 2014 జూలై 24న హైదరాబాద్‌కు ఉత్తరాన, మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని గేటు దాటుతున్న బడి బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొన్నది. ఆ కడుపుకోత ఇంకా చల్లారలేదు. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) మార్గాల్లో కాపలా లేని గేట్లను తొలగించారు గానీ, గేట్‌మన్ ఉన్నంత మాత్రాన ముప్పు పూర్తిగా తప్పినట్టు కాదు.

రోజుకు ఎన్ని రైళ్లు వెళ్తాయో ఎన్ని వాహనాలు దాటుతాయో చూసి, ఆ రెండింటినీ గుణించి రైల్వేవారు గేటు మీది ఒత్తిడిని లెక్కిస్తారు. 40 రైళ్లు, 2,500 వాహనాలు అంటే లక్ష. లక్ష దాటిన గేటుకు పైవంతెన కావాలన్నది చాలాకాలంగా ఉన్న కొలమానం. అయితే పట్టాల మలుపు, రైలును కనపడనీయని తుమ్మచెట్లు, రోడ్డు ఎగుడుదిగుడు ఈ గుణకారంలోకి రావు. వాటిని మనమే కళ్లతో చూడాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది గేటు దాటాక బస్సు నిలవడానికి చోటుందా అన్నది. గేటు లేవగానే రెండు వైపులా బైకులు రోడ్డంతా పరుచుకుని ఎదురెదురుగా వస్తాయి. అవతల ఒక పాల ఆటో ఆగితే చాలు, బస్సు ముందు భాగం దాటినా వెనుక చక్రాలు పట్టాల మధ్యే చిక్కుకుంటాయి. పది మీటర్ల బస్సు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో కదులుతూ రెండు లైన్లు పూర్తిగా దాటడానికి దాదాపు 18 సెకన్లు పడుతుంది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు ఆలోగా అర కిలోమీటరు దాటి వచ్చేస్తుంది, బ్రేకు వేసినా అంత దగ్గరలో ఆగదు. అందుకే అవతల బస్సు పట్టేంత ఖాళీ కనబడే వరకు, వెనుక ఎన్ని హారన్లు మోగినా, డ్రైవరు పట్టాల మీదికి ఎక్కకూడదు.

ఒక రైలు వెళ్లిపోయిందని గేటు కింద నుంచి దూరకండి. జంట లైన్లలో రెండోది ఎదురు దిశ నుంచి రావచ్చు. గేటుకు బదులు కింద నుంచి దారి వేసిన చోట నిలిచిన వాననీటి లోతు తెలియకపోతే బస్సును దింపవద్దు.

బస్సు పట్టాల మీద ఆగిపోతే ముందు పిల్లలను దించాలి, పుస్తకాల సంచులు వదిలేయాలి. వెంటనే గేట్‌మన్‌కు చెప్పాలి. స్టేషన్‌కు కబురందించే ఫోను ఆయన దగ్గర ఉంటుంది. తర్వాత పట్టాలకు దూరంగా, రైలు వచ్చే దిశకే ఏటవాలుగా పరుగెత్తాలి, ఎందుకంటే ఢీకొన్నప్పుడు శకలాలు రైలు వెళ్లే వైపే ఎగిరిపడతాయి. ఇదంతా డ్రైవరుకూ క్లీనరుకూ బడి తెరిచే ముందే, అదే గేటు దగ్గర నిలబెట్టి చెప్పండి.