పెరటి కోళ్లు ఉన్నట్టుండి చనిపోతుంటే: సంక్రాంతికి ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం ప్రాంతాల్లో సంక్రాంతి మొదలు రోహిణి ఎండలదాకా పెరటి కోళ్లకు గడ్డుకాలం. పండుగకు పుంజులు ఊళ్లు మారతాయి, వారపు సంతల్లో గంపలకొద్దీ కోళ్లు చేతులు మారతాయి, చుట్టాలిచ్చిన పెట్ట ఒకటి ఇంటికి వస్తుంది. వాటితోపాటే రోగమూ వస్తుంది. రాత్రి బాగానే గూట్లోకి వెళ్లిన కోడి తెల్లవారేసరికి కాళ్లు చాపి పడి ఉంటే గాలి సోకిందని సరిపెట్టుకోవడం, మిగిలినవాటిని ఆ వారమే సంతలో సగం ధరకు వదిలించుకోవడం మన పల్లెల్లో మామూలైపోయింది. తెగులు పది ఊళ్లకు పాకేది ఈ రెండో పని వల్లనే.

కొక్కెర తెగులుకు, అంటే రాణిఖేత్ వ్యాధికి, మందు లేదు. టీకా ఒక్కటే ఉంది. మనుషులకు వాడే యాంటీబయాటిక్ గొట్టం మాత్రలు విప్పి నీళ్లలో కలిపి తాగించినందువల్ల ఆ వైరస్ చావదు. కోడిపిల్లలకు మొదటి వారంలో లసోటా లేదా ఎఫ్1 టీకాను కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క వేయించి, నాలుగో వారంలో మరోసారి వేయించాలి. ఎనిమిది వారాలు నిండాక ఆర్2బి టీకాను రెక్క దగ్గర చర్మం కిందికి అర మిల్లీలీటరు ఎక్కించాలి. టీకా బలం కోడికి పట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి ఈ పని డిసెంబరు సగానికల్లా ముగియాలి. సీసా సాధారణంగా వంద కోళ్లకు సరిపడేలా వస్తుంది. పది కోళ్ల ఇంటికి అది దండగ అనిపిస్తుంది కనుక వీధిలోని ఇళ్లన్నీ కలిసి ఒకే సాయంత్రం, కోళ్లు గూళ్లకు చేరే వేళ వేయించుకోవడం మంచిది. సీసాను మంచు ముక్కలు వేసిన ఫ్లాస్కులో తేవాలి, కలిపిన తరువాత గంట రెండు గంటల్లో వాడేయాలి. చొక్కా జేబులో పెట్టుకుని సైకిల్ మీద ఎండలో తెచ్చిన టీకా వేయించినా వేయించనట్టే. అప్పటికే నీరసంగా మునగదీసుకుని ఉన్న కోళ్లకు మాత్రం టీకా వేయించకూడదు.

ప్రతి చావూ కొక్కెర కాదు. తెలుపు కలిసిన ఆకుపచ్చ పారుడు, నోరు తెరిచి ఎగశ్వాస, మెడ మెలితిరగడం కనిపిస్తూ ఈరోజు ఒకటి, రేపు మూడు చొప్పున పోతుంటే దానినే ముందు అనుమానించాలి. కోడిపిల్లలు మాత్రమే రక్తపు రెట్టలు వేసి చనిపోతుంటే అది వేరే జబ్బు, దానికి మందు ఉంది. కోడి మెడ కింది మేత సంచి నిండుగా ఉండగానే నాలుగైదు కోళ్లు ఒకే పూటలో పడిపోతే విషం సంగతి చూడాలి: మందు పట్టించిన మొక్కజొన్న లేదా పత్తి గింజలు, పొలంలో చల్లిన గుళికలు, ఎలుకల మందు కలిపిన పిండి. ఎలుకల మందైన జింక్ ఫాస్ఫైడ్ తిన్న కోడి పొట్ట కోస్తే వెల్లుల్లి వంటి వాసన వస్తుందంటారు, కానీ ఆ పరీక్ష పశువైద్యుడికి వదిలేయాలి, మనం కోయకూడదు. తల ఉబ్బి, తురాయి, తమ్మెలు నీలిరంగుకు తిరిగి, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు కనిపిస్తే అది బర్డ్ ఫ్లూ కావచ్చు. 2024 ఆగస్టులో పూరీ జిల్లా పిపిలిలో, 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో అది బయటపడింది. మనం ఆ రెండింటి మధ్యలో ఉన్నాం. పైకి చూసి కొక్కెరనూ బర్డ్ ఫ్లూనూ వేరు చేయడం అనుభవజ్ఞులకూ కష్టమే, భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల తేల్చవలసిందే.

అందువల్ల ఒకటికి మించి కోళ్లు కారణం తెలియకుండా చనిపోయిన రోజున ముందుగా మిగిలినవాటిని గంపల కింద కమ్మి బయటకు వదలకుండా ఆపాలి. ఇంట్లోని చిన్నపిల్లలను దగ్గరకు రానీయకూడదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, తాజాగా చనిపోయిన ఒక కోడిని రెండు సంచుల్లో మూటకట్టి, చుట్టూ మంచు పెట్టి ఆ పూటే పశు వైద్యశాలకు తెలియజేయాలి. ఫ్రిజ్ గడ్డపెట్టే అరలో ఉంచితే పరీక్షకు పాడవుతుంది. దూరమైతే ఊళ్లో పశువుల ఆరోగ్యం చూసే కార్యకర్త ప్రాణిమిత్రకు చెప్పవచ్చు, 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మిగతా కళేబరాలను బావికి, గెడ్డకు (వాగుకు) దూరంగా నాలుగడుగుల గోతిలో సున్నం చల్లి పాతిపెట్టాలి. మహేంద్రతనయలోకో వంశధారలోకో విసిరేస్తే దిగువన ఉన్న ఊళ్లకు రోగాన్ని పంపినట్టే. చచ్చిన కోడిని, చావబోతున్న కోడిని వండుకోవద్దు. బాగా ఉడికితే వైరస్ చస్తుందన్న మాట నిజమే, అయితే ప్రమాదం కూర తినేటప్పటికంటే ఈకలు పీకి, పేగులు తీసేటప్పుడే ఎక్కువ. విషమైతే ఉడికించినా పోదు.

ఆంధ్రలోని పాతపట్నం సంతకు వెళ్లే కోడికి రాష్ట్రం సరిహద్దు తెలియదు. అవతలి ఊళ్లో చుట్టాలుంటే వారి పశువైద్యుడికీ కబురు అందేలా చూడండి, ఎందుకంటే ఇక్కడి శాఖకు చెప్పినంత మాత్రాన అక్కడి శాఖ ఆ పూటే కదలదు.

కొత్తగా తెచ్చిన కోడిని ఎప్పుడైనా సరే మూడు వారాలు వేరే గంప కింద, వేరే నీళ్ల చిప్పతో ఉంచాలి. తెగులు వచ్చి వెళ్లిన గూడును గీకి, కడిగి, సున్నం పూసి, ఎండకు వదిలి కనీసం నెల గడిచాకే కొత్త కోళ్లను చేర్చాలి.