పిల్లకు పానిక్ అటాక్ వస్తే పక్కన ఎలా ఉండాలి

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లోనే మిషన్ మీద బ్లౌజులు కుడతాను. మా అమ్మాయి ప్లస్ టూలో ఉండగా ఒక సాయంత్రం ట్యూషన్ నుంచి స్నేహితురాలు స్కూటీ మీద తీసుకొచ్చి దించింది. గుండె దడ, ఒళ్లంతా చెమట, ఊపిరి ఆడట్లేదని ఏడుపు. చేతివేళ్లు ముడుచుకుపోయి కొయ్యలా బిగుసుకున్నాయి. పక్కింటి పిన్నిగారు ఫిట్స్ అనుకుని తాళాల గుత్తి తెచ్చి ఆ చేతిలో పెట్టారు. నేను "ఏమైందే, ఏమైందే" అని అరుస్తూ మొహాన నీళ్లు కొట్టాను. అరగంటలో తగ్గిపోయింది. మా కంగారు చూసి తనకు ఇంకా భయమేసిందని తర్వాత చెప్పింది.

మొదటిసారి ఇలా వస్తే డాక్టరుకు చూపించి తీరాలి. రక్తహీనత, థైరాయిడ్, గుండె జబ్బుల్లోనూ ఇలాంటి దడే ఉంటుంది. పిల్లకు ఆస్తమా ఉన్నా, స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి తగ్గకపోయినా క్షణం ఆగకండి. మాకు ఈసీజీ, రక్తపరీక్షలు అన్నీ బాగానే వచ్చాయి. డ్యూటీ డాక్టరు "ఏమీ లేదు, ఊరికే టెన్షన్" అని పంపేశారు. ఆ రాత్రి అది "అంటే నేను నటిస్తున్నానా అమ్మా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. గుండె బాగుందని తేలింది, నీ బాధ మాత్రం నిజమే అని అప్పుడే చెప్పి ఉండాల్సింది.

తర్వాత మానసిక వైద్యురాలు ఇది పానిక్ అటాక్ అని, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన భయం అని చెప్పి, ఆ వేళ్ల సంగతీ విడమరిచారు. భయంలో ఊపిరి వేగంగా తీసేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దాంతో మూతి చుట్టూ, వేళ్లలో తిమ్మిర్లు, తల తిరగడం, చేతులు బిగుసుకోవడం. అది చూసి పిల్ల ఇంకా భయపడుతుంది, ఊపిరి ఇంకా వేగమవుతుంది. సాధారణంగా పది నిమిషాల్లోపే తీవ్రత పతాకస్థాయికి చేరి, ఆపైన దిగడం మొదలవుతుంది. ఈ ఒక్క మాట తెలిశాక నా కాళ్లలో వణుకు తగ్గింది.

ఇప్పుడు వస్తే నేను కింద కూర్చుంటాను, దాని కళ్లకు ఎదురుగా కాకుండా పక్కన. చుట్టూ ఉన్నవాళ్లను పంపేస్తాను. "ముట్టుకోనా?" అని అడిగాకే చెయ్యి పట్టుకుంటాను, ఒక్కోసారి వద్దంటుంది. "భయపడకు" అనను. "ఇంతకుముందు వచ్చింది, తగ్గింది. ఇదీ తగ్గుతుంది. నేను ఇక్కడే ఉన్నాను" అంటాను, అంతే. నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో లోపలికి, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా బయటికి. ముందు నేను తీస్తాను, వినేలా. అది బడిలో ఒడియాలోనే లెక్కలు నేర్చుకుంది, అందుకని "ఏక, దుయి, తిని, చారి" అని ఒడియాలోనే లెక్కపెడతాను. లెక్క వినలేనంత భయం ఉన్న రోజున మిషన్ దగ్గర కూర్చుని గుడ్డ లేకుండానే నెమ్మదిగా తొక్కుతాను. దాని ఊపిరి ఆ చప్పుడుకు మెల్లమెల్లగా కుదురుకుంటుంది. కాగితం సంచిలో ఊపిరి పీల్చమని కొందరు చెబుతారు, అది చేయించకండి. నిజంగా ఆస్తమానో గుండె సమస్యో అయితే ప్రమాదం.

తగ్గాక బాగా నీరసం ఉంటుంది. ప్రశ్నలు వేయకుండా కాస్త మజ్జిగ ఇచ్చి పడుకోనివ్వండి.

అసలు కష్టం ఆ తర్వాతి రోజుల్లో ఉంది. జాలిపడి నేను ట్యూషన్ మాన్పించాను. తర్వాత బస్సు, ఆపైన పెళ్లిళ్లు, ఆఖరికి గుడి కూడా మానేసింది. మానేసిన కొద్దీ భయం పెరిగింది. కౌన్సెలింగ్‌లో దీన్ని వెనక్కి తిప్పారు. మొదటి వారం ట్యూషన్ మెట్ల దాకా వెళ్లి ఇద్దరం కాసేపు నిలబడి వచ్చేశాం. తర్వాత తలుపు పక్క బెంచీలో పది నిమిషాలు. మధ్యలో దడ వచ్చినా పరుగెత్తుకు రాకుండా అది దిగేదాకా అక్కడే కూర్చోవడం ముఖ్యం. ఎంత దూరం వెళ్లాలో పిల్లే చెప్పాలి, మనం తొయ్యకూడదు.

మందులు రాస్తే, రోజూ వేసుకునేవి పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో మన అంతట మనం ఆపకూడదు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు కొనకండి, వాటిలో కొన్ని అలవాటైపోతాయి. టీ, కాఫీ, ఎనర్జీ డ్రింకులు దడను పెంచుతాయి.

గాలి సోకిందన్నారని మేమూ తాయెత్తు కట్టించాం. కట్టించుకుంటే కట్టించుకోండి, డాక్టరు దగ్గరకు వెళ్లడం మాత్రం ఆపకండి. మనవైపు వాళ్లకు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. అంత దూరం వెళ్లలేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది 2022లో మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. పిల్ల నోట "చచ్చిపోతే బాగుండు" అన్న మాట వస్తే ఒంటరిగా వదలకండి, ఆ రోజే చూపించండి.

ఇదివరకు కాలేజీ నుంచి రాగానే "ఇవాళ వచ్చిందా?" అని అడిగేదాన్ని. అలా అడిగితే రోజంతా అదే గుర్తుంటోందని చెప్పింది. ఇప్పుడు "ఏం తిన్నావు?" అని అడుగుతున్నాను. వచ్చిన రోజున తనే వచ్చి మిషన్ పక్కన కూర్చుంటుంది.