లైట్‌హౌస్ దీవికి పడవలో వెళ్తున్నారా? ముందు పోటు టైం చూసుకోండి

మనుషులు లేని చిన్న లైట్‌హౌస్ దీవికి వెళ్లేవాళ్లు అందరూ వాతావరణం చూసుకుంటారు గానీ, ఆటుపోట్ల సంగతి పట్టించుకోరు. అసలు ఇబ్బంది అక్కడే. పోటుకీ ఆటుకీ మధ్య సుమారు 6 గంటలే తేడా. దిగేటప్పుడు నీళ్లకు సమానంగా ఉన్న మెట్టు, తిరిగి ఎక్కేసరికి మనిషెత్తున పైకి కనిపించవచ్చు, లేదా పూర్తిగా మునిగిపోయి ఉండవచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ ఈ తేడా ఇంకా ఎక్కువ. అందుకే "ఎన్నింటికి దిగుదాం" అని కాదు, "ఎన్నింటిలోపు ఎక్కాలి" అని పడవ నడిపే మనిషిని అడగండి. ఆయన ఈరోజు వద్దంటే బేరాలాడకండి.

దిగేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. బ్యాగు తర్వాత అందుకోవచ్చు. అల పడవను పైకి లేపినప్పుడే అడుగు వేయాలి, కిందికి జారుతున్నప్పుడు కాదు. పడవకీ రాయికీ మధ్య కాలు గానీ చెయ్యి గానీ పెట్టొద్దు. నల్లగా, పచ్చగా మెరిసే రాయంటే పాకుడే, దాని మీద ఎంత ఖరీదైన బూట్లయినా జారుతాయి.

ఎండ పెరిగేకొద్దీ సముద్రం మీద నుంచి గాలి ఊపందుకుంటుంది కాబట్టి పొద్దున్నే వెళ్లడం మేలు. అక్కడ నీళ్లు, నీడ, టాయిలెట్ ఏవీ ఉండవనుకునే బయల్దేరండి. గాలి మారి పడవ ఆలస్యమైతే టెన్షన్ పడకుండా ఒక పూటకు సరిపడా నీళ్లు అదనంగా పెట్టుకోండి. పక్షులు గుడ్లు పెట్టే కాలమైతే మాత్రం దిగకుండా, పడవలోనే చుట్టూ తిరిగి వచ్చేయండి.