చినుకు పడేదాకా చూడొద్దు

మొన్న మా పక్కూరి కల్లంలో యాసంగి వడ్ల మీద పరదా కప్పుతున్న భార్యాభర్తల మీద పిడుగు పడింది. ఆమె బతికింది, ఆయన దక్కలేదు. తెల్లారి పోయి చూస్తే పరదా సగమే కప్పి ఉంది, అంచు మీద పెట్టిన రాయి అట్లనే ఉంది. కప్పని వైపు వడ్లు పొడిగానే ఉన్నాయి. పిడుగు పడేనాటికి అక్కడ చినుకే లేదు.

చెట్టు కింద నిలబడొద్దని అందరికీ తెలుసు. పరకాల, నర్సంపేట, ములుగు దిక్కున నేను ఏటా చూసే తప్పు వేరే. "ఇంకా వాన మొదలు కాలేదు కదా, చినుకు పడ్డాక పోదాం" అంటారు. ప్రాణం తీసేది ఈ మాటే.

ఏప్రిల్, మే ఎండలకు నేల కాగి, తేమగాలి పైకి లేచి, పొద్దు వాలే వేళకు క్యుములోనింబస్ అనే ఉరుముల మబ్బవుతుంది. ఎత్తు 12 కిలోమీటర్లు దాటొచ్చు. లోపల మంచు పలుకులు, చిన్న వడగండ్లు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. తేలికైనవి ప్లస్ చార్జితో పైకి పోతాయి, బరువైనవి మైనస్ చార్జితో కిందుంటాయి. ఆ తేడాను గాలి ఆపలేనప్పుడు మెరుపు పుడుతుంది. దాని దారిలో గాలి 30,000 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కి ఒక్కసారిగా ఉబ్బుతుంది. ఉరుమంటే అదే. మబ్బు పైభాగం నుంచి బయల్దేరిన పిడుగైతే వాన పడే చోటు దాటి 10 కిలోమీటర్ల అవతల కూడా దిగుతుంది, మన నెత్తిన ఎండ ఉన్నా సరే.

అందుకే చినుకును చూడొద్దు, ఉరుమును వినాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కబెట్టి 3తో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. ఉరుము వినపడిందంటేనే మనం పిడుగు అందుబాటులో ఉన్నట్టు. వడ్లలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా కాదన్న భయం నాకూ తెలుసు. పరదా పొద్దున్నే కల్లం దగ్గర పెట్టుకోండి, మొగులు కమ్మకముందే కప్పండి. ఉరిమాక మాత్రం కప్పొద్దు.

స్లాబు ఇంట్లోకి పోండి, లేదంటే అద్దాలెత్తిన కారులోకి. ట్రాక్టరు, బైకు, మంచె, కొనుగోలు కేంద్రం టెంటు పనికిరావు. రబ్బరు చెప్పులు కాపాడవు. మోటరు స్టార్టరు ముట్టొద్దు. తీగల కంచెకు దూరంగా ఉండండి. గుంపుగా నిలబడొద్దు. దారి లేక చేనులో చిక్కితే పాదాలు రెండూ కలిపి గొంతుక్కూర్చోండి, పండుకోవద్దు. నేలలో పాకే కరెంటుకు ఒళ్లు ఎంత పరిస్తే అంత దెబ్బ. ఫోన్‌లో పిడుగు ముప్పును ముందే చెప్పే దామిని యాప్ పెట్టుకోండి. చినుకు లేదని ఆగొద్దు, చినుకు ఆగిందని రావొద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు లోపలే. పిడుగు పడిన మనిషిని ముడితే షాక్ కొట్టదు, దూరంగా నిలబడి చూడొద్దు. ఊపిరి లేకుంటే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు.